కారణం అనే గడి

మార్చి నెలల మా ఊరు తుమ్ముతది.
ఏనుమాముల దిక్కు నుంచి గాలి మళ్లిందంటే
ఆఫీసు కాగితాలకు కూడ మిర్చి ఘాటే.
సరిగ్గ గప్పుడే నేను మనుషులకు మార్కులేస్త.

సంగెం రోడ్డు మీద రంగులద్దే మిల్లు మాది.
పదకొండేండ్ల సంది దాంట్ల హెచ్చార్‌ను.
ఐదుకు ఎన్ని? ఇదే నా పని.
హైదరాబాదు నుంచి ముందే లెక్క వస్తది:
నూటికి పదిమందికే ఐదు,
మిగిలినోళ్లను మూడుల సర్దాలె,
జాతర బస్సుల జనాన్ని వెనుకకు జరిపినట్టు.

తౌటం సుహాసిని. రంగుల కెమిస్టు. మూడు.
మరుసటేడు, మూడు.
ఆ తర్వాతేడు, తొట్టిల మిగిలిన నీళ్లనే మళ్ల తిప్పి
రోజుకు నాలుగు ట్యాంకర్లు మిగిల్చిన ఏడు,
అప్పుడు కూడ మూడే.
ఆ నీళ్ల ముచ్చట మేనేజరు పేరు మీద పోయింది.
శాలువా ఆయనకు కప్పిండ్రు.
ఫోటో తీసింది సుహాసిని.
ఆమె ఫోన్‌ల మంచిగొస్తదని ఆమెనే తీయమన్నరు.

కొత్త మిషన్ మీద ట్రైనింగ్ కావాలని
రెండుసార్లు రాసింది.
"వచ్చే క్వార్టర్ చూద్దాం" అని
రెండుసార్లు నేనే రాసిన.
ట్రైనింగు పైసలు మార్చి ముప్పై ఒకటిన
ముట్టనట్టే వాపసు పోయినయి.
ఖర్చు తగ్గించినవని నన్ను మెచ్చుకున్నరు.

రాజీనామా పెట్టిన్నాడు మాత్రం
మాకందరికి ఆమె పేరు ఒక్కసారే నోటికొచ్చింది.
పన్నెండు శాతం పెంచుతమన్నరు.
డిజిగ్నేషన్ మారుస్తమన్నరు.
"సార్, గిదే మాట పోయిన జూన్ల అంటే
మిల్లు మొత్తానికి చాయ్ తాగిపిస్తుంటి" అని నవ్వింది.
కోపం లేదు.
కోపమున్నా బాగుండు.

ఆఖరి కాగితం నేనే నింపాలె.
కారణం అనే గడిల నాలుగే ఉంటయి:
జీతం, కుటుంబం, ఆరోగ్యం, పై చదువు.
ఏది కొట్టాలె అని అడిగిన.
శానసేపు చూసింది.
"జీతమే కొట్టుండ్రి సార్, మీకు అల్కగైతది."
కొట్టిన.
పైన లెక్క తేలిపోయింది:
జర్మనీల పైసలెక్కువ, పోతున్నరు, మనమేం చేస్తం.

రెండు నెలలకు ఆ జర్మనీ కంపెనోళ్ల ఉత్తరం.
టైముకొచ్చేదా, కొట్లాడేదా, ఇసొంటివి కావు.
ఒక్కటే ప్రశ్న.
ఈమె ఇంకా ఎదగాలంటే మేమేం చెయ్యాలె?

కాజీపేట గూడ్సు బండ్లు పోతుంటే
ఆ రాత్రి కూసోని రాసిన.
పొద్దుగాల ఎనిమిదిలోపు ఆమె బుర్ర మస్తు పదునని,
మీటింగులల్ల మాట్లాడదు గాని
అరచేతిల పెన్నుతోని గీస్తుంటదని, ఆ చెయ్యి చూడుండ్రని,
తప్పు దొరికితే ముందు తనదేమో అని దేవులాడుతదని,
ఎరుపుల పద్నాలుగు తీర్లు ఉత్త కంటితోనే చెప్తదని,
నీలం కాడ కొద్దిగ తడబడుతది, అది నేర్పుండ్రని.
రెండు పేజీలైంది.
ఇంత ఎరుకున్నోన్ని
ఇక్కడ ఒక్క అంకె రాసి ఊకున్న.

మిర్చి యార్డుల ఖరీదుదారు
బస్తాల మోచేయి దాక చెయ్యి పెడతడు.
అడుగున ఉన్న కాయ తీసి విరుస్తడు,
గింజ చూస్తడు, తుమ్ముతడు,
తర్వాతనే ధర.

మళ్ల మార్చి.
హైదరాబాదు లెక్క వచ్చింది, నూటికి పది.
ముందున్న ఫైలు మహమ్మద్ తన్వీర్, మెకానికల్, రెండో షిఫ్టు.
మూడు అని కొట్టి ఆగిన.
ఈ పిలగాడు పని చేస్తుంటే ఎన్నడన్న చూసిన్నా?

ఫారం మూసి కిందికి దిగుతున్న.
ఏం నేర్చుకుందామనుకుంటున్నవు బిడ్డా అని అడగాలె.
చెప్పినంక
నా చేతుల ఏముందో నాకింక తెల్వదు.